మూడు రోజుల్లో రాజ్యాంగ సవరణా?

సంపాదకులకు,

రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చినప్పుడల్లా అది ఏ పార్టీకి లాభమన్న చర్చే నడుస్తుంది. ఎన్ని రోజుల్లో పాసైందని అడిగేవాళ్లు తక్కువ.

అంబేడ్కర్ అధ్యక్షతన తయారైన రాజ్యాంగ ముసాయిదాను 1948 ఫిబ్రవరిలో అచ్చువేసి జనం ముందు పెట్టారు. రాజ్యాంగ సభ దాన్ని చర్చకు తీసుకున్నది నవంబర్ 4న. మధ్యలో ఎనిమిది నెలలు సలహాలకు, విమర్శలకు వదిలేశారు. ఆ తర్వాత సభ్యులు నోటీసిచ్చిన సవరణలు 7,635. సభలో ప్రతిపాదించినవే 2,473. 315 అధికరణల ముసాయిదా 395 అధికరణలై బయటికొచ్చింది. విభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజుల్లోనూ వాళ్లకు అంత ఓపిక ఉంది.

ఇప్పుడో? ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ ఇచ్చే బిల్లును 2019 జనవరి 8న లోక్‌సభలో పెట్టి ఆ రోజే పాస్ చేశారు. మర్నాడు రాజ్యసభ. మహిళా రిజర్వేషన్ బిల్లు 2023 సెప్టెంబర్ 19న వచ్చి 21 రాత్రికి రెండు సభలూ దాటేసింది. నేను ఈ రెండింటికీ వ్యతిరేకిని కాను. మహిళా బిల్లు గురించి 1996 నుంచీ వింటున్నాం కదా అనొచ్చు. జనగణన, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాకే అమలన్న మెలిక మాత్రం పాత బిల్లుల్లో లేదు, ఆ మూడు రోజుల్లోనే చూశాం.

జీఎస్టీ సంగతి చూడండి. 2014 డిసెంబర్‌లో పెట్టిన రాజ్యాంగ సవరణ బిల్లు 2016 సెప్టెంబర్‌లో గానీ చట్టం కాలేదు. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ పరిశీలనకు వెళ్లింది, రాష్ట్రాల శాసనసభలూ ఆమోదించాల్సి వచ్చింది. మొదటి బిల్లులో రాష్ట్రం దాటే సరుకుపై 1 శాతం అదనపు పన్ను ఉండేది. వాదనలు జరిగి జరిగి దాన్ని తీసేశారు. రెండు రోజుల్లో తేల్చేసి ఉంటే ఆ భారం మన నెత్తిన పడేదే.

రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెప్పే 368వ అధికరణ ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండొంతుల మద్దతు అడుగుతుంది, కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల ఆమోదం కూడా. గడువు ఊసే లేదు. ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు గనుక పాటించకపోయినా అడిగే నాథుడు లేడు.

సాధారణ బిల్లుల మాట ఎలా ఉన్నా, రాజ్యాంగ సవరణ బిల్లు పాఠం తెలుగుతో సహా ప్రధాన భాషలన్నిటిలో నెల ముందే రావాలి, బిల్లులను పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) వెళ్లి తీరాలి. సభా నియమాల్లో ఈ మాట చేర్చడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభలో ఉన్నారు. వారిలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో దీన్ని లేవనెత్తుతారా?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి