గవర్నమెంటు అంటే ఎవరమ్మా?

తణుకు,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మీ అత్తగారి రుణం లెక్కల కోసం నువ్వు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే మీ ఊరి సహకార సొసైటీ వాళ్ళు జవాబిచ్చారే, మొన్న నువ్వు ఫోన్లో చదివి వినిపించిన ఆ రెండు లైన్ల కాయితం నా బుర్రలోంచి పోవడం లేదు. "మాది ప్రభుత్వ కార్యాలయం కాదు, మీ దరఖాస్తు తిప్పి పంపుతున్నాం" అన్నారు. "యూరియా అక్కడే ఇస్తారు, పంట రుణం అక్కడే ఇస్తారు, ఆడిట్‌కి ఆఫీసర్లు వస్తారు. ఇది గవర్నమెంటు కాకపోతే ఇంకేంటి నాన్నా?" అని నువ్వు గట్టిగానే అడిగావు. చెబుదామని గొంతు సవరించుకునే లోపే మీ అమ్మ "మళ్ళీ కోర్టు పెట్టారా?" అని ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. 1991లో ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా నాకు నాలుగో ఏడు. ఒక రైతు పట్టా భూమిలో కొంత డొంక పోరంబోకు, అంటే ప్రభుత్వానికి చెందిన బండి దారి అని రెవెన్యూ వాళ్ళు నోటీసిచ్చారు. ప్రభుత్వం మీద దావా వెయ్యాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ నోటీసు ప్రభుత్వ కార్యదర్శికైనా ఇవ్వొచ్చు, జిల్లా కలెక్టరుకైనా ఇవ్వొచ్చు. మేం కలెక్టరు గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగొచ్చింది, గడువూ తీరింది. దావా టైపు కొట్టేటప్పుడు నోటీసు కాపీ పక్కనే ఉంది కదా, ప్రతివాది దగ్గర కూడా చూసి "జిల్లా కలెక్టరు" అని కొట్టేశాను. ప్లీడరు గారు ఏదో హడావుడిలో సంతకం పెట్టేశారు.

ప్రభుత్వ ప్లీడరు జవాబు దావాలో మొట్టమొదటి అభ్యంతరం అదే: ప్రభుత్వాన్ని పార్టీగా చేర్చలేదు, దావా చెల్లదు. ఇంక సవరణ పిటిషను, దానికి కౌంటరు, వాయిదా మీద వాయిదా. ఆ రైతు ప్రతి వాయిదాకీ పొద్దున్నే తువ్వాలులో అన్నం మూట కట్టుకుని వచ్చి వరండాలో కూర్చునేవాడు. నేను ఆయన ముందునుంచి వెళ్ళడం మానేసి వెనక గుమ్మం నుంచి రికార్డు రూముకి పోయేవాణ్ణి.

ప్లీడరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. కోడు తీసి సెక్షన్ 79 నాచేత పైకి చదివించారు. రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేస్తే ప్రతివాదిగా పేరు పెట్టాల్సింది "రాష్ట్రం" అని. నోటీసు అందుకోవడానికి కలెక్టరు సరిపోతారు, దావా పడడానికి సరిపోరు. "స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, రెప్రజెంటెడ్ బై డిస్ట్రిక్ట్ కలెక్టర్" అని కొట్టాల్సింది నేను. రాజ్యాంగం ఆర్టికల్ 300 చెప్పేదీ అదే, రాష్ట్రం తన పేరుతోనే దావా వేస్తుంది, తన పేరుమీదే దావా ఎదుర్కొంటుంది. కలెక్టరుకి ఎంత అధికారమున్నా అది కుర్చీ. చట్టం దృష్టిలో మనిషి లాంటిది రాష్ట్రం.

ఇది నాలాంటి గుమాస్తాలు మాత్రమే చేసే పొరపాటు అనుకోకు. మన రాష్ట్రంలోనే అటవీ శాఖ చీఫ్ కన్సర్వేటరు గారు ఒక భూమి విషయంలో కలెక్టరు మీదే హైకోర్టుకి వెళ్ళారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2003లో తీర్పొచ్చింది: రాష్ట్రం పేరు లేకుండా ఒక అధికారి ఇలా రావడం కుదరదు, ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు కోర్టుకెక్కి కొట్టుకోవడం బాగోదు అని. కుడి చెయ్యి ఎడమ చేతి మీద కేసు పెట్టినట్టన్నమాట. ఆ తీర్పు వార్త చదివిన రోజు నాకు ఎంత ఊరటగా అనిపించిందో!

పంచాయతీ సంగతి వేరు. దాన్ని చట్టమే ఒక విడి శరీరంగా చేసింది: సొంత ముద్ర ఉంటుంది, ఆస్తి ఉంటుంది, తన పేరుతోనే దావా వెయ్యొచ్చు. సర్పంచి ఓడిపోయినా, పాలకవర్గం రద్దయినా పంచాయతీ మాత్రం పోదు. దాన్నే శాశ్వత వారసత్వం అంటారు. నిజం మనుషులకి లేని భాగ్యం. మరి పంచాయతీ ప్రభుత్వమా? సెక్షన్ 79 లెక్కలో కాదు, అందులో పంచాయతీ ఊసే లేదు. ప్రాథమిక హక్కుల కోసం రాసిన ఆర్టికల్ 12 లెక్కలో మాత్రం అదీ "రాజ్యమే", ఎందుకంటే స్థానిక సంస్థల్ని అందులో పేరు పెట్టి మరీ చేర్చారు. నువ్వు ఇక్కడ ఆడపడుచువి, అక్కడ కోడలివి. మనిషివి మారలేదు, ఏ ఇంట్లో నిలబడ్డావన్నదే తేడా. చట్టాల్లో ఆ "ఇల్లు" సెక్షన్ 2లో ఉంటుంది, నిర్వచనాలన్నీ సాధారణంగా అక్కడే. జనం సెక్షన్ 2 దాటేసి శిక్షలెక్కడున్నాయా అని వెతుకుతారు. నువ్వు అలా చెయ్యకు.

ఆ నిర్వచనంలో కూడా ఒక చిన్న మాట చూసుకోవాలి. "అంటే" అని రాస్తే గిరి గీసినట్టు. "చేరి ఉంటుంది" అని రాస్తే తలుపు ఓరగా వేసినట్టు. ఆర్టికల్ 12 రెండో రకం. అందులో "ఇతర అధికార సంస్థలు" అని ఉంది, ఆ తలుపులోంచి ఎవరెవరు లోపలికి రావచ్చన్నదాని మీద ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. 1967లో రాజస్థాన్ విద్యుత్ బోర్డు వచ్చింది. 1981లో అచ్చైన అజయ్ హాసియా తీర్పుతో శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. మన వరంగల్‌లో ఉండేది కూడా ఆ కోవదే. ఆ శ్రీనగర్ కాలేజీ సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం మాత్రమే. అయినా డబ్బెవరిది, పెత్తనం ఎవరిది అని కోర్టు లోపల తొంగిచూసి, ఇది ప్రభుత్వం చేతిలో పనిముట్టే అంది. 2005లో క్రికెట్ బోర్డు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయింది. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు.

ఇప్పుడు నీ సొసైటీ సంగతి. ఏ సంస్థనైనా చూడగానే అది ఎలా పుట్టిందని అడగాలి. ఎన్నికల సంఘం రాజ్యాంగంలోనే పుట్టింది. ఎల్ఐసీని 1956లో పార్లమెంటు తన చట్టంతోనే పుట్టించింది. ఆర్టీసీ కొంచెం వేరు, 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం ఇచ్చిన అధికారంతో రాష్ట్ర ప్రభుత్వం 1958లో ఏర్పాటు చేసింది. ఎల్ఐసీ చట్టం "ద్వారా", ఆర్టీసీ చట్టం "కింద". నీతి ఆయోగ్‌కి చట్టమే లేదు, 2015లో కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో వచ్చింది. (ఆర్టీసీ అంటే గుర్తొచ్చింది. మన ఎదురింటి కండక్టరు 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖ ఉద్యోగి అయిపోయాడు, ప్రత్యేకంగా చట్టం చేసి ప్రభుత్వంలోకి తీసుకున్నారు. కార్పొరేషన్ మాత్రం కార్పొరేషన్‌గానే ఉంది. "నేను గవర్నమెంటు, నా బస్సు కాదు" అని ఇప్పటికీ నవ్విస్తాడు.)

వీటన్నిటికీ బయట ఇంకో రకం ఉంది. కంపెనీల చట్టం, సహకార చట్టం కింద రిజిస్టరయ్యేవి. నీ సొసైటీ ఈ రకమే. "చట్టం కింద రిజిస్టరయ్యాం కదా, మేమూ చట్టబద్ధ సంస్థే" అనుకుంటారు జనం. నీ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాం. అంతమాత్రాన నీకు పెళ్ళి చేసింది రిజిస్ట్రారు కాదుగా! 2010లో డాల్కో కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపించింది. కంపెనీ ఆ చట్టం ప్రకారం ఏర్పడుతుంది, అంతేగాని ఆ చట్టం దాన్ని పుట్టించదు.

సమాచార హక్కు చట్టం ఈ పుట్టుకతోనే ఆగలేదు. ప్రభుత్వం సొంతంగా ఉంచుకున్నవీ, తన అదుపులో పెట్టుకున్నవీ, గణనీయంగా డబ్బిచ్చి నడిపేవీ పబ్లిక్ అథారిటీలే, అంటే అడిగితే సమాచారం ఇవ్వాల్సిన సంస్థలే అంది. నీ దరఖాస్తు అక్కడే చిక్కుకుంది. 2013లో కేరళలోని తలప్పలం సహకార బ్యాంకు కేసులో, సహకార సంఘాల రిజిస్ట్రారు పర్యవేక్షణ ఉన్నంత మాత్రాన అది "అదుపు" కాదని, సాయం ఏదో కొంత అందితే అది "గణనీయం" కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో డీఏవీ కాలేజీ కేసులో మాత్రం గణనీయం అంటే సగానికి మించే ఉండాలని లేదంది, కారుచౌకగా ఇచ్చిన స్థలం కూడా లెక్కలోకి రావచ్చంది. కాబట్టి నీ సొసైటీ వాళ్ళతో వాదించాలంటే వాదించొచ్చు, కానీ వాళ్ళ ఖాతాల్లో ప్రభుత్వ సొమ్మెంతో నువ్వే రుజువు చెయ్యాల్సి వస్తుంది. ఆ లెక్కల కోసమేగా అసలు దరఖాస్తు పెట్టింది!

అందుకని పక్క గుమ్మం నుంచి వెళ్ళు. (వెనక గుమ్మం అలవాటు నాకెలాగూ ఉంది.) ఒక ప్రైవేటు సంస్థ గురించి ఏ ప్రభుత్వ అధికారైనా వేరే చట్టం కింద తెప్పించుకోగల సమాచారం కూడా "సమాచారమే" అని ఆ చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో ఉంది. తలప్పలం తీర్పు కూడా రిజిస్ట్రారుని అడగొచ్చనే అంది. మన 1964 సహకార సంఘాల చట్టంలో ఆడిట్, విచారణ అధికారాలు రిజిస్ట్రారువి. సెక్షన్ 51 ఎంక్వైరీ అని మీ అత్తగారి ఊళ్ళో కూడా అంటూనే ఉంటారు. కాబట్టి దరఖాస్తు "పౌర సమాచార అధికారి, జిల్లా సహకార అధికారి కార్యాలయం" పేర పెట్టు. జిల్లా స్థాయి కాబట్టి రుసుము 10 రూపాయలు. "రుణమాఫీలో మాకెందుకు రాలేదు" అని ప్రశ్న రాయకు, అది ఫిర్యాదవుతుంది. ఫలానా ఏడాది ఆడిట్ నివేదిక నకలు, మీ అత్తగారి రుణ ఖాతా నకలు అని రికార్డు పేరు పెట్టి అడుగు. వాళ్ళ గడువు 30 రోజులు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మ పడుకున్నాక.

డ్రాఫ్టు వెనక కాయితం మీద రాశాను. నీ చేత్తో తిరగరాయకు, టైపు చేయించు. నీ "స" ఎప్పుడూ "న" లాగే ఉంటుంది. కాపీ ఒకటి దగ్గర ఉంచుకో, అక్నాలెడ్జిమెంటు కార్డు ఫ్రిజ్ మీద పెట్టి పిల్లాడికి ఆడుకోవడానికివ్వకు. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

మీ నాన్న