ముల్లు అరిగితే రికార్డుకే ముప్పు

సంపాదకులకు,

ఎల్పీ (గ్రామఫోన్) రికార్డులు మళ్లీ కొంటున్నవారికి ఒక విన్నపం. ప్లేయరు ముల్లు అరిగితే ముందుగా పాటలోని ‘స’, ‘ష’ అక్షరాలు బుసకొట్టినట్టు వినిపిస్తాయి. రికార్డు మధ్యభాగానికి దగ్గరగా ఉండే చివరి పాటలో అది మరీ ఎక్కువ. నేను దుమ్మనుకుని నెలల తరబడి తుడిచాను. చివరికి సూక్ష్మదర్శిని కింద చూస్తే, నున్నగా గుండ్రంగా ఉండాల్సిన వజ్రపు మొన రెండు పక్కలా చదునై, అద్దంలా మెరుస్తోంది. ఆ చదును అంచులే రికార్డు మీద ముల్లు నడిచే గాడి గోడలను చెక్కేస్తాయి. కొత్త ముల్లు వేశాను గానీ, అమ్మకు ఎంతో ఇష్టమైన రికార్డులో ఆ బుస అలాగే మిగిలిపోయింది.

వజ్రపు ముల్లు సాధారణంగా 500 నుంచి 1,000 గంటలు పనిచేస్తుంది. విన్న గంటలు రాసి పెట్టుకోండి. వాడిన ప్లేయరు కొన్నవారు మాత్రం మొదటి రికార్డు పెట్టకముందే ముల్లు మార్చండి.

– ఒక పాఠకుడు