బిగుసుకున్న కీళ్లకీ ఒక గంట కేటాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య ఒళ్లు బిగుసుకుపోయేవాళ్ల కోసమని కొన్ని ఆసనాలు వేశారు. ఫొటోలో పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి కాళ్లు చాపుకుని, చెంప మోకాళ్లకి ఆనించి హాయిగా నవ్వుతోంది. ఆ అమ్మాయికి ఆ ఆసనంతో పనేముందండీ? పనున్నవాళ్లం మేము.

నేను ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపి రిటైరయ్యాను. క్యాబిన్ పైన ఉంటుంది, పని కింద ఉంటుంది. షిఫ్టంతా ముందుకి వంగి, మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ కూర్చోవాలి. లోడు హుక్కుకి ఉన్నంతసేపు చూపు పక్కకి తిప్పడానికి లేదు. ఉద్యోగం అయిపోయింది కానీ ఆ కూర్చోవడం ఒంట్లో ఉండిపోయింది. మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరగాలి. కాలి గోళ్లు తీసుకోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరిని బతిమాలాలి. మా కూర్మన్నపాలెం, గాజువాక వైపు ఏ వీధిలో చూసినా ఇలాంటివాళ్లే. వెల్డర్లు, ఫిట్టర్లు, ట్రైలర్ డ్రైవర్లు, రోజంతా మెషిన్ మీద వంగి జాకెట్లు కుట్టే ఆడవాళ్లు.

మన విశాఖలో యోగాకి తక్కువేమీ లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో యోగాకి ఒక డిపార్ట్‌మెంటే ఉంది. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధాని వచ్చినప్పుడు ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా చాపలే. నేనూ వెళ్లాను, ఏర్పాట్లకి వంక పెట్టను. 45 నిమిషాల్లో అన్నీ అయిపోవాలి కాబట్టి ఏ ఆసనమైనా ఇలా వేసి అలా తీయాల్సిందే. లక్షల మంది ఒకరోజు చేసేదానికి అది సరే. రోజూ పార్కుల్లో జరిగే క్లాసులు కూడా అదే పద్ధతిలో, పొద్దున్నే అయిదున్నరకి, వన్ టూ త్రీ అని అంకెల మీద నడుస్తున్నాయి. వంగలేనివాళ్లు బెంచీ మీద కూర్చుని చూస్తారు. చివర్లో చప్పట్లు కొట్టి నవ్వే వ్యాయామానికి మాత్రం లేచి నిలబడతారు.

మా కోడలు బెంగళూరులో ఉన్నప్పుడు యిన్ యోగా నేర్చుకుంది. ఒక్కో భంగిమలో కొన్ని నిమిషాలు కదలకుండా, ఒళ్లు వదిలేసి ఉండే నిదానం యోగా అది. నా అవస్థ చూసి ఒకరోజు సాయంత్రం డాబా మీద చాప వేసి, ‘వంగక్కర్లేదు మామయ్యగారూ, మీ బరువు మీరు వదిలెయ్యండి చాలు’ అంది. ముందు సీతాకోకచిలుక భంగిమ. మన బద్ధకోణాసనంలాగే అరికాళ్లు రెండూ కలపాలి, కాకపోతే మడమల్ని గజ్జల్లోకి లాక్కోకుండా జానెడున్నర ముందుకి వదలాలి. పిర్రల కింద మడత పెట్టిన దుప్పటి, గాల్లో తేలే మోకాళ్ల కింద చెరో దిండు. నడుం నిటారుగా పెట్టే పట్టుదల మానేసి, వీపు గుండ్రంగా చేసి, ఒళ్లో రెండు దిళ్లు పేర్చుకుని వాటి మీద తల పెట్టుకోవాలి. ఇక మూడు నిమిషాలు కదలకూడదు.

మొదటి నిమిషం ఏమీ అనిపించదు, ఇదేం యోగా అనుకుంటాం. తర్వాత తొడల లోపలివైపు లాగుడు మొదలవుతుంది. లేచిపోదామనిపిస్తుంది, ఫోన్ గుర్తొస్తుంది, గ్యాస్ కట్టేశారో లేదో అని అనుమానం వస్తుంది. అది దాటితే మోకాలు తనంతట తనే దిండులోకి కాస్త దిగుతుంది. మనం నొక్కింది లేదు. బయటికి వచ్చేటప్పుడు కూడా చేతులతో మోకాళ్లని ఎత్తి దగ్గరికి చేర్చుకోవాలి, గబుక్కున లేవకూడదు. ఆ కాసేపు నడుం ఇంకా ముసలిదైనట్టు ఉంటుంది, వెల్లకిలా ఒక నిమిషం పడుకుంటే సర్దుకుంటుంది.

పద్ధతి మొత్తం ఇంతే. లాగుడు తెలిసేచోట ఆగడం, కదలకపోవడం, మూడు నుంచి అయిదు నిమిషాలు ఉండటం. కండని బిగించం కాబట్టి తుంటి, గజ్జలు, నడుం దగ్గర కీళ్ల చుట్టూ ఉండే పొరల మీదా, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ల మీదా సన్నగా ఒత్తిడి పడుతుంది. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తే స్ఫింక్స్, కాళ్లు చాపి, మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి పెట్టుకుని ముందుకి వాలే గొంగళిపురుగు, వెల్లకిలా పడుకుని ఒక కాలి మడమని రెండో తొడ మీద వేసుకునేది, ఇవి చాలు మాలాంటివాళ్లకి. గొంగళిపురుగు అంటే మరేం కాదు, కంగారు లేని పశ్చిమోత్తానాసనం.

యిన్ అన్నది చైనా మాట. దీనికి మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన ‘మన యోగాకి చైనా పేరేటండీ’ అని కోప్పడ్డాడు. ఈ పద్ధతిని అమెరికాలో యుద్ధవిద్యలు నేర్పే పౌలీ జింక్ 1970ల చివర్లో మొదలుపెట్టాడు, యోగా టీచర్లు పాల్ గ్రిల్లీ, సారా పవర్స్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆసనాల్లో సగం మనవే. నడుం వంగితే చాలు, పేరు ఎవరిదైతే నాకేం.

నా అసలు గొడవ టైముతో. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో నడుం బిర్రుగా ఉండటానికి అదో కారణం. అప్పుడు ముందుకి బాగా వంగితే డిస్కు మీద మామూలుకంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. లేచి తిరుగుతూ ఉంటే ఆ నీరు కొంత దిగి నడుం వదులవుతుంది. మరి నడుం నొప్పి ఉన్నవాళ్లని నిద్ర కళ్లతో తీసుకొచ్చి అయిదున్నరకి పాదాలు పట్టుకోమనడం ఏం న్యాయం? మాకు సాయంత్రమే మేలు. పగలంతా తిరిగి ఒళ్లు వేడెక్కి ఉంటుంది.

అలాగని మీ పేజీలో దీన్ని సర్వరోగ నివారిణి చేయకండి. ఒంట్లో విషాలు బయటికి పోతాయి లాంటివి రాయొద్దు. మొదటి వారాల్లో ఎక్కువ వంగగలుగుతున్నామంటే కండ పొడుగైందని కాదు, ఆ లాగుడుని ఒళ్లు ఓర్చుకోవడం నేర్చుకుందని. మానేస్తే మళ్లీ మామూలే. లాగుడు వేరు, పోటు వేరు. కీలులో పోటు వచ్చినా, కాలు కిందికి తిమ్మిరి పాకినా వెంటనే బయటికి రావాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు వీపు గుండ్రం చేసి వంగకూడదు. తుంటి మార్పిడి అయినవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. పొద్దున్న లేచాక గంట దాటినా కీళ్లు వదలకపోయినా, వేళ్ల కణుపులు వాచినా అది చాప మీద తేలే విషయం కాదు, కీళ్లవాతం ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.

ఇంకో మాట. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాం. 32 కిలోమీటర్లు. హనుమంతవాక దాటేసరికి పిక్కలు రాళ్లు. మర్నాడు వాటిని సాగదీద్దామని బలంగా గుంజుకునేవాళ్లని చూస్తుంటాను. ఆరోజు గోడకి కాళ్లు ఆనించి పడుకోవడం తప్ప ఏమీ వద్దు. సాగదీసే పనేదో నెల ముందునుంచే మెల్లగా చేసుకోవాలి.

ఇక అడిగేది రెండు. పార్కుల్లో సాయంత్రం క్లాసు పెట్టండి అనేవాణ్ణే కానీ, దోమలు మూడు నిమిషాలు కదలకుండా ఉండనివ్వవు. అందుకని కాలనీల్లో ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాళ్లని వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు ఇలాంటి నిదానం క్లాసుకి ఇవ్వాలి. దిండూ దుప్పటీ ఎవరిది వాళ్లు తెచ్చుకుంటారు. పెద్ద ఖర్చేం కాదు.

రెండోది మీకు. ఈసారి ఆరోగ్యం పేజీలో ఆసనం పక్కనే ఎన్ని నిమిషాలో, దిండు ఎక్కడ పెట్టాలో, ఎవరు చేయకూడదో కూడా వేయండి. ఫొటోకి లుంగీ కట్టుకున్న, కొంచెం పొట్ట ఉన్న మనిషిని పెట్టండి. దొరక్కపోతే మా వాకింగ్ బ్యాచ్‌లో కొదవ లేదు, కబురు పెడితే దిళ్లతో సహా వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్రేన్ ఆపరేటర్,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం