రాకెట్ విఫలం కాలేదు, గొడుగు తెరుచుకోలేదు

సంపాదకులకు నమస్కారం.

మార్చి మొదటి వారంలో మీ జిల్లా పేజీలో వచ్చిన ఒక ఫోటో గురించి ఈ ఉత్తరం. పరకాల వైపు ఒక ఊరి శివారు మిర్చి చేనులో ముక్కు మూరెడు లోతు దిగబడి నిలబడ్డ రాకెట్, దాని తోక రెక్క పట్టుకుని నవ్వుతున్న ఏడెనిమిదేళ్ల పిల్లవాడు, చుట్టూ సెల్‌ఫోన్లతో జనం. పైన ‘విద్యార్థుల రాకెట్ ప్రయోగం విఫలం’ అని శీర్షిక. ఆ పిల్లవాడు చెయ్యి వేసిన గొట్టంలో అప్పటికి పేలని తుపాకిమందు రెండు పొట్లాలు ఉన్నాయి. ఫోటో తీసినవారికి ఆ సంగతి తెలియదు, చుట్టూ నిలబడ్డవాళ్లకీ తెలియదు. తెలిసిన విద్యార్థులు చేన్లకు అడ్డంబడి పరుగెత్తుకుంటూ ఇంకా దారిలోనే ఉన్నారు.

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర 1986 నుంచి రేడియోలు, టీవీలు రిపేరు చేస్తున్నాను. రాకెట్లతో నాకు పని పడింది మా అక్క మనుమరాలి వల్ల. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చి, చెక్క పలక మీద బిగించిన చిన్న సర్క్యూట్ ఒకటి బల్ల మీద పెట్టింది. “తాతా, ఈ తీగలు జర గట్టిగ సోల్డర్ చేసిస్తవా? పైన ఊడిపోతే మా రాకెట్ పోతది” అంది. అంతకుముందు నేను దీపావళి తారాజువ్వలు తప్ప రాకెట్ దగ్గరగా చూసిన మనిషిని కాను. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆ పిల్లలు నాకు పాఠం చెప్పారు. నేను నేర్చుకున్నది మీ పాఠకులకూ తెలియాలి.

ఈ రాకెట్ బొమ్మ కాదు. మనిషి ఎత్తును మించి ఉంటుంది, నాలుగు కిలోల బరువు, లావు 10 సెంటీమీటర్లు. కిలోమీటరు ఎత్తుకు పోవాలని దాని లెక్క. అమెరికాలో మోటారు బలాన్ని అది మండే సెకన్లతో గుణిస్తే 160 న్యూటన్ సెకన్లు దాటితే దాన్ని హై పవర్ అంటారట. అక్కడ అలాంటిది ఎగరేయాలంటే సంఘాల నుంచి మెట్టు మెట్టుగా అర్హత సంపాదించుకోవాలి. పై మెట్టు మీద గొడుగు, అంటే పారాచూట్, తెరిచే సర్క్యూట్లు రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఉండి తీరాలి. ఆ రెండో సర్క్యూట్ సంగతి మళ్లీ చెబుతాను.

అంత ఎత్తు నుంచి దింపడానికి ఒకే పెద్ద పారాచూట్ చాలదా అని నేనూ అడిగాను. కాగితం మీద లెక్క వేసి చూపించారు. పైనే పెద్ద గొడుగు విప్పితే సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగుతుంది, 1,000 మీటర్లకు 200 సెకన్లు. గాలి సెకనుకు 6 మీటర్లు వీస్తుంటే ఈలోగా 1,200 మీటర్లు కొట్టుకుపోతుంది. ఏ చెరువులో పడుతుందో, ఏ కరెంటు తీగకు చిక్కుతుందో ఎవరు చెప్పాలి? అందుకే పైన చిన్న గొడుగు మాత్రమే విప్పి సెకనుకు 20 మీటర్ల వేగంతో దించుతారు. నేల 200 మీటర్ల దూరంలో ఉందనగా పెద్ద గొడుగు విప్పుతారు. మొత్తం 80 సెకన్లు, కొట్టుకుపోయేది 480 మీటర్లు. మా నాన్న కల్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడేది, పొట్టు గాలికి పోయేది. కిందికి వచ్చేదాకా గింజలాగా, చివర్లో మాత్రమే పొట్టులాగా దింపాలన్నమాట.

2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో ఇస్రో చేసిన గగన్‌యాన్ టీవీ-డీ1 (టీవీ అంటే ఇక్కడ టెస్ట్ వెహికల్) పరీక్ష మీ పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. మనుషులు కూర్చునే ఆ మాడ్యూల్ కూడా ముందు చిన్న గొడుగులతో వేగం తగ్గించుకుని, తర్వాత పెద్ద గొడుగులతోనే బంగాళాఖాతంలో దిగింది. ఆ రోజు ఇంకా 5 సెకన్లు ఉందనగా కంప్యూటరే ప్రయోగం ఆపేసింది. లోపం సరిచేసి 10 గంటలకు వదిలారు. రాకెట్ లేచినప్పటి కంటే ఆ ఆపడమే నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది.

పిల్లల రాకెట్‌లో ఈ పని చేసేది ఆల్టీమీటర్ అనే బోర్డు, రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. అది ఎత్తును నేరుగా కొలవదు, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. నేల దగ్గర 8, 9 మీటర్లు పైకి పోతే ఒత్తిడి ఒక మిల్లీబార్ తగ్గుతుంది. తగ్గుతూ తగ్గుతూ వచ్చిన ఒత్తిడి పెరగడం మొదలైతే రాకెట్ శిఖరం దాటిందని బోర్డుకు అర్థమవుతుంది. వెంటనే ఒక విద్యుత్ అగ్గిపుల్లకు కరెంటు పంపుతుంది. అది కొద్దిపాటి తుపాకిమందును అంటిస్తుంది, ఆ పొగ ఒత్తిడికి గొట్టం విడిపోయి చిన్న గొడుగు బయటికి వస్తుంది. కిందికి వచ్చాక రెండో అగ్గిపుల్ల, రెండో పొట్లం, పెద్ద గొడుగు.

బయటి ఒత్తిడి తెలియాలంటే బోర్డు ఉన్న డబ్బాకు గాలి రంధ్రాలు ఉండాలి. వీళ్లు మొదట ఒకటే పెట్టారు. ఒకవైపే రంధ్రం ఉంటే ఆ వైపు నుంచి కొట్టిన గాలినే బోర్డు నమ్ముతుంది. అందుకే చుట్టూ సమ దూరంలో మూడో నాలుగో ఉండాలి, అంచులు నున్నగా ఉండాలి. అదే డబ్బాకు మందు ఉన్న అరల వైపు మాత్రం వెంట్రుక సందు ఉండకూడదు. మొదటి పొట్లం పేలినప్పుడు వేడి గాలి లోపలికి దూరితే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, నేల దగ్గరికి వచ్చేశామనుకుని బోర్డు పెద్ద గొడుగును పైనే విప్పేస్తుంది. కొన్ని సెన్సర్ల మీద సూటిగా ఎండ పడ్డా రీడింగ్ మారుతుంది. ఈ మాట విన్నాక ఆ డబ్బాను కిటికీ దగ్గర పెట్టి నేనే పరీక్షించాను. నిజమే.

నేను చేసిన పని చెబుతాను. తీగలన్నీ కొత్తగా వేశాను. శిఖరం పొట్లానికి ఎర్ర స్లీవు, పెద్ద గొడుగు పొట్లానికి నీలం స్లీవు. అవి తారుమారైతే అంతా తలకిందులే. ప్రతి టంకాన్నీ వేలితో లాగి చూశాను, మల్టీమీటర్‌తో కంటిన్యూటీ, అంటే తీగ ఎక్కడా తెగలేదని, చూశాను. బ్యాటరీ విడిగా 9 వోల్టులు చూపిస్తే నమ్మొద్దని, లోడ్ పెట్టి చూడాలని, ప్రతి ప్రయోగానికి కొత్తది వేయాలని చెప్పాను. చూడనిది ఒక్కటే. ఆ బ్యాటరీని పలకకు ఎట్లా కట్టారో చూడలేదు.

ప్రయోగం రోజు మోటారు వంక లేకుండా మండింది. రాకెట్ నిటారుగా పోయింది. పైన గొడుగు రాలేదు, కింద కూడా రాలేదు. అంత ఎత్తు నుంచి ముక్కు కిందికి పెట్టుకుని వచ్చే నాలుగు కిలోల గొట్టం గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నేలను తాకుతుంది. అనుకున్న పడావు భూమి దాటి మిర్చి చేనులో దిగబడింది. ఆ చేనులో పొద్దున్నుంచీ పదిహేను మంది ఆడవాళ్లు మిర్చి ఏరుతున్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ తర్వాత నాతో అంది: “సద్ది తినేటందుకు చింతచెట్టు కిందికి పోయినం బిడ్డా. ఇంకో రెండు సాళ్లు ఏరి పోదామన్నది మా ముఠా మేస్త్రి. నేనే ఆకలైతుందని లేచిన.” ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర లేదు.

విరిగిన డబ్బాను నా దుకాణంలోనే విప్పాం. నా టంకాలు ఒక్కటీ ఊడలేదు. బ్యాటరీ మాత్రం క్లిప్పు నుంచి విడిపోయి ఉంది. దాని నడుముకు ఒక ప్లాస్టిక్ ట్యాగ్ వేశారు గానీ అడుగున ఆనేందుకు ఏమీ లేదు. క్లిప్పు ముక్కు వైపు ఉంది. 45 గ్రాముల బ్యాటరీ రాకెట్ లేచేటప్పటి ఊపులో, 10 రెట్లు అనుకుంటే, దాదాపు అర కిలో బరువై వెనక్కి జారింది. క్లిప్పు పైనే ఉండిపోయింది. రాకెట్ లేచిన మొదటి సెకనులోనే బోర్డు చచ్చిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా రాయి పడటమే. టేప్ రికార్డర్ కింద పడితే లోపల ఏం కదులుతుందో దాదాపు నలభై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. ‘ఇది లేచేటప్పుడు లోపల ఏం కదులుతుంది?’ అని ఆ ఒక్క ప్రశ్న నేను అడగాల్సింది. అడగలేదు.

అందుకే ‘విఫలం’ అనే మాట దగ్గర ఆగిపోకండి అంటున్నాను. ఏది విఫలమైందో రాస్తే పక్క కాలేజీ పిల్లలు చదివి తమ బ్యాటరీ చూసుకుంటారు. ఊరికే విఫలం అని రాస్తే కాలేజీ యాజమాన్యం రాకెట్ల గదికి తాళం వేస్తుంది, వేసింది కూడా. తాళం వేస్తే ఈ పిల్లలు మానేస్తారని నేను అనుకోను. ఎవరికీ చెప్పకుండా ఏ చెరువు శిఖంలోనో చేస్తారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష విభాగం కింద ఉన్న ఇన్‌స్పేస్ సంస్థే విద్యార్థులకు దేశస్థాయిలో మోడల్ రాకెట్ల పోటీలు పెడుతోంది. ఉత్సాహం ఉన్న పిల్లలు ఆగరు.

ఒక అధ్యాపకుడు ముందుకొచ్చి బాధ్యత తీసుకోవడంతో ఏప్రిల్‌లో వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు, ఎగరేయడానికి కాదు, నేల మీద పరీక్షకు. తుపాకిమందు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తుంది, సంచిలో వేసుకుని బస్సెక్కే వస్తువు కాదు. అందుకని బాణసంచా ప్రదర్శనలు ఇచ్చే లైసెన్సు ఉన్న మనిషే వచ్చి తన చేత్తో నింపాడు. రాకెట్‌ను మైదానంలో పరుపుల మీద పడుకోబెట్టి, అందరం దూరం జరిగి, పొడుగు తీగతో మీట నొక్కాం. గొట్టాన్ని దారిలో ఊడకుండా పట్టి ఉంచే సన్నని నైలాన్ స్క్రూలు మూడు ఉంటాయి. మొదటిసారి అవి తెగలేదు. టప్ మని చప్పుడైంది, పొగ వచ్చింది, ముక్కు కదలలేదు. ఇది ఆకాశంలో జరిగి ఉంటే మళ్లీ ఇంకో చేను. మందు కొంచెం పెంచి మళ్లీ చేస్తే ముక్కు ఎగిరిపోయి పెద్ద గొడుగు గడ్డి మీద పరుచుకుంది. పిల్లలు కేకలు వేశారు, నేనూ వేశాను. మందు మంట తగిలి గుడ్డ కాలకుండా చుట్టిన నోమెక్స్ ముక్క మీద మసి తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు ఆ డబ్బాలో రెండు ఆల్టీమీటర్లు ఉన్నాయి. ఒక్కోదానికి తన బ్యాటరీ, తన స్విచ్, తన పొట్లాలు. రెండోది మొదటిదాని తర్వాత ఒక సెకను ఆగి పేలుస్తుంది. రెండూ ఒకేసారి పేలితే గొట్టమే చీలిపోవచ్చు. బ్యాటరీల కింద, మీద ప్లైవుడ్ గోడలు కట్టాం. లేచేటప్పుడు కిందికి, గొడుగు విచ్చుకున్న కుదుపుకు పైకి, ఎటూ కదలదు. స్విచ్చులు రాకెట్‌ను స్టాండు మీద నిటారుగా నిలబెట్టాకే, బయటి నుంచే వేయాలి. వేయగానే బోర్డు బీప్ బీప్ మని రెండు అగ్గిపుల్లలూ బాగున్నాయని చెబుతుంది. ఆ బీపులు లెక్కపెట్టడం ఒకరి పని, రాసుకోవడం ఇంకొకరి పని. లెక్క తేడా వస్తే ఆ రోజుకు ప్రయోగం లేదు. పోయినసారి ఒక కుర్రాడు స్విచ్ వేసిన రాకెట్‌నే భుజాన మోసుకుంటూ స్టాండు దాకా నడిచాడట. బీపులు వినిపిస్తుంటే ధైర్యంగా ఉందని అన్నాడు. వాడి మెడ పక్కనే మందు ఉంది.

జిల్లా అధికారులకు నా విన్నపం ఒక్కటే. యాసంగి కోతలు అయిపోయాక, చేన్లలో మనుషులు లేని రోజులు చూసి, ఏడాదికి రెండు తేదీలు, ఒక చోటు ఇవ్వండి. చుట్టుపక్కల ఊళ్లలో ముందురోజు డప్పు చాటింపు వేయించండి. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. రేపు విమానాలు తిరిగే ఆకాశంలో అడగకుండా ఎగరేసే రోజులు ఎలాగూ పోతాయి, ఇప్పుడే ఒక పద్ధతి పెట్టుకోవడం నయం. కాలేజీలకు చెప్పేది: స్టాండు మీదికి పోయే ముందు ఆ రాకెట్ తయారుచేయని మనిషి ఒకరు దాని డబ్బా విప్పించి చూడాలి. ఇంజినీరే కానక్కర్లేదు, లాగి చూసే అలవాటున్న మెకానిక్ అయినా చాలు. పిలిస్తే నేను వస్తాను, డబ్బులు తీసుకోను.

ఇక మీకు. ఆ ఫోటో మీ వెబ్‌సైట్‌లో ఇంకా ఉంది. తీసేయమని అడగను. దాని కింద ఈ రెండు వాక్యాలు మాత్రం చేర్చండి: ‘చేనులోనో చెలకలోనో ఇలాంటి గొట్టం పడి కనిపిస్తే ముట్టుకోకండి, లోపల పేలని మందు ఉండవచ్చు. పిల్లలను దూరంగా ఉంచి, స్విచ్ ఆపే మనిషి వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.’

ఇట్లు,
ఒక రేడియో, టీవీ మెకానిక్,
హన్మకొండ చౌరస్తా