ప్రైమర్ కొట్టి వదిలేస్తే తుప్పు ఆగదు

సంపాదకులకు,

తలుపు మీద గీత పడిందనో, ఫెండర్ (చక్రం పైనుండే రేకు) అంచున తుప్పు తేలిందనో స్ప్రే క్యాన్ కొనుక్కొచ్చి ఇంటి దగ్గరే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగుపూత, కొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చేసుకోదగ్గ పనే. కాకపోతే ప్రైమర్ పడింది కాబట్టి రేకుకు ఇక ఢోకా లేదనుకుని, రంగు సంగతి తర్వాత చూసుకుందాంలే అని బండిని అలాగే తిప్పుతున్నారు. బండ్ల పెయింటింగ్ పనిలో ఉన్నవాళ్లుగా మాకు బాధ కలిగించేది ఇదే. గీతలూ సన్న గుంటలూ పూడ్చే ఫిల్లర్ ప్రైమర్‌లో పొడి భాగం ఎక్కువ. దానివల్లే అది మందంగా పడుతుంది, గరుకు పేపర్‌కు (శాండ్ పేపర్) సులువుగా అరుగుతుంది, నీటినీ పీలుస్తుంది. వానలో తడిసినా, రాత్రి మంచు పట్టినా ఆ తేమ పూతలోంచి రేకు దాకా దిగుతుంది. పైన బూడిద రంగు చెక్కుచెదరదు, కింద తుప్పు మొదలైపోతుంది. రంగు వేశాక బుడగలు తేలితే అందరూ రంగు డబ్బానే తిడతారు. రంగు, దానిపైన క్లియర్ (రంగును కాపాడే పారదర్శక పూత) పడేవరకూ ప్రైమర్ కొట్టిన భాగం తడవకూడదు. రంగు సిద్ధంగా లేకపోతే ప్రైమర్ మొదలుపెట్టకపోవడమే మేలు.

ప్రైమర్ అని పేరున్నవన్నీ ఒకటి కావు. నిగనిగలాడే ఉత్త రేకు బయటపడితే అక్కడ ఎచ్ ప్రైమర్ కావాలి. దాంట్లోని ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది. అది పల్చగా, కింది రేకు లీలగా కనిపించేంత పడితే చాలు. దానిమీద పుట్టీ మాత్రం పెట్టకండి. ఆమ్లం పుట్టీని సరిగా గట్టిపడనివ్వదు, కొన్నాళ్లకు అంచులు లేస్తాయి. పుట్టీ ఉంటే 80 నంబర్ పేపర్‌తో (నంబర్ తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) గరుకు చేసిన రేకు మీదే పెట్టి, అరగదీశాక చుట్టూ బయటపడ్డ లోహానికి ఎచ్, ఆ తర్వాత అంతటికీ ఫిల్లర్ ప్రైమర్ కొట్టాలి. ఎపాక్సీ ప్రైమర్ నీటిని ఫిల్లర్ ప్రైమర్ కంటే బాగా ఆపుతుంది గానీ, డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప దాన్ని ఎచ్ మీద వేయకూడదు. ప్లాస్టిక్ బంపర్‌కు ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలి. లేకపోతే గట్టిగా నీళ్లు కొట్టి కడిగిన రోజున పూత పొరలుగా ఊడొస్తుంది.

పని చెడేది చాలావరకు డబ్బా మూత తీయకముందే. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, వ్యాక్స్, జిడ్డు తీసే ద్రావణంతో తుడవాలి. ఒక గుడ్డతో తడిపి, అది ఆరిపోకముందే రెండో పొడిగుడ్డతో తీసేయాలి. ఒక్క గుడ్డతో అయితే జిడ్డు పోదు, చోటు మారుతుందంతే. ఇది పేపర్ పట్టకముందే జరగాలి, పేపర్ పట్టాక ఇంకోసారి జరగాలి. ముందే రుద్దేస్తే పాలిష్‌లో ఉన్న సిలికాన్ గీతల్లోకి దిగిపోతుంది. అప్పుడు ప్రైమర్ అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి, అడుగు కనిపించే చిన్న గుంటలు పడతాయి. వాటిమీద ఎన్ని కోట్లు కొట్టినా పూడవు. ఆరనిచ్చి, అరగదీసి, మళ్లీ తుడిచి మొదటికి రావాల్సిందే. తుప్పు చోట లోహం మెరిసేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన నల్లచుక్కలు కూడా తుప్పే. దానికి ఆమ్లంతో చేసిన మందు వాడితే డబ్బా మీద చెప్పినట్టు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఆ మందు మిగిలిపోయిన చోట ప్రైమర్ పట్టదు. శుభ్రం చేసిన రేకును ఉత్త చేత్తో తాకొద్దు, రాత్రంతా అలా వదలొద్దు.

పాత రంగు అంచును పల్చబరచడం దగ్గర ఎక్కువమంది తొందరపడతారు. 80 నంబర్ తుప్పుకే పరిమితం. తర్వాత 180, ఆపైన 320. సరిగా అరిగితే మధ్యలో లోహం, దాని చుట్టూ పాత ప్రైమర్, రంగు, క్లియర్ వలయాలుగా కనిపిస్తాయి. ఒక్కో వలయం కనీసం వేలెడు వెడల్పు ఉండాలి. గ్లవుజు వేసుకుని కళ్లు మూసుకుని వేళ్లు ఆడిస్తే ఎక్కడా మెట్టు తగలకూడదు. తగిలితే, ప్రైమర్ ఆరి కుంచించుకుపోయాక ఆ వలయం గీత రంగులోంచి పైకి తేలుతుంది. బండికి ఇదివరకే ఎవరో రంగు వేసి ఉండొచ్చని అనుమానం ఉంటే, కనపడని మూల థిన్నర్ తడిపిన దూదిని ఒక నిమిషం అదిమి చూడండి. రంగు మెత్తబడినా, దూదికి అంటినా, తడిగా పడ్డ ప్రైమర్ కింద అది ముడతలు పడి లేస్తుంది. అలాంటిదాన్ని మొత్తం తీసేయడమే మంచి దారి.

కొట్టేటప్పుడు నేరుగా ఎండ తగలకూడదు, గాలిలో చెమ్మ ఎక్కువ ఉండకూడదు. 15 నుంచి 30 డిగ్రీల మధ్య పని బాగా సాగుతుంది. క్యాన్ చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచొచ్చు. పొయ్యి దగ్గర పెట్టడం, మరిగే నీళ్లు వాడటం ప్రాణం మీదికి తెస్తాయి. 50 డిగ్రీలు దాటితే క్యాన్ పేలొచ్చు. లోపలి గోళీ గలగలమన్నప్పటి నుంచి 2 నిమిషాలు ఊపాలి, మధ్యమధ్యలో మళ్లీ ఊపుతుండాలి. ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకుని, రేకుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో చెయ్యి మొత్తాన్ని కదపాలి. మణికట్టు తిప్పితే మధ్యలో మందం, చివర్లలో పల్చన. రేకు అంచుకు బయటే మీట నొక్కి, అవతలి అంచు దాటాకే వదలాలి. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. మొదటి కోటు పొగమంచులా పడాలి, కింది రంగు కనిపిస్తూనే ఉండాలి. 10, 15 నిమిషాలు ఆగి రెండోది, అంతే ఆగి మూడోది, ఈ రెండూ తడిగా. మూడు కోట్లకు 400 మిల్లీలీటర్ల క్యాన్ సుమారు ఒక చదరపు మీటరుకు వస్తుంది. బానెట్‌కు రెండు దగ్గర పెట్టుకోండి.

దూరం ఎక్కువైతే పూత ఇసక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. దగ్గరైతే కారుతుంది. కారిన చుక్కను గుడ్డతో తుడవకండి, ఆరాక అరగదీయొచ్చు. ఒకేసారి దట్టంగా కొడితే పైన పొర కట్టి లోపలి థిన్నర్ చిక్కుకుపోతుంది. అది తర్వాత సూదిమొన బొక్కలు చేసుకుని బయటికొస్తుంది.

20 నిమిషాల్లో ఆరుతుందని చాలా డబ్బాల మీద ఉంటుంది. అది చేతికి అంటకపోవడం మాత్రమే. కనీసం ఒక రోజు, చలికాలమైతే ఇంకా ఎక్కువ ఆగాలి. పేపర్‌కు ప్రైమర్ పొడిగా రాలకుండా చిన్న ఉండలుగా అతుక్కుంటే ఇంకా ఆరలేదని అర్థం. పచ్చిగా ఉండగా చదును చేసి రంగు వేస్తే, తర్వాత అది కుంగి 180 నంబర్ గీతలు మళ్లీ బయటికొస్తాయి. ఆరాక మ్యాట్ (మెరుపులేని) నల్లరంగు పల్చగా చల్లి, చదునైన దిమ్మెకు చుట్టిన 400 పేపర్‌తో రుద్దండి. నలుపు మిగిలిన చోటల్లా పల్లం. తర్వాత 600. నీళ్లు పోయకుండా పొడిగానే రుద్దమంటాం, కారణం మొదటే చెప్పాం. రుద్దుతుండగా లోహం మెరిస్తే అక్కడితో ఆపి, ఆ మేరకు మళ్లీ ఎచ్, ప్రైమర్ కొట్టాకే రంగు జోలికి వెళ్లండి.

ముక్కుకు కట్టుకున్న గుడ్డ థిన్నర్ ఆవిరిని ఆపదు. ముందు ధూళిపొర, వెనక బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది. తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట, నిప్పురవ్వ ఉండకూడదు. ఇక టూకే అని రాసిన క్యాన్లు వేరే జాతి. అడుగున మీట నొక్కితే లోపల గట్టిపరిచే మందు కలుస్తుంది. చాలావాటిలో ఆ మందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి పీల్చిన మనిషికి జీవితాంతం వదలని ఉబ్బసం రావొచ్చు, వాసన ముందుగా హెచ్చరించదు. బయటి గాలి గొట్టంతో అందే మాస్క్ ఉన్న పెయింటింగ్ బూత్‌లకే దాన్ని వదిలేయాలి.

తయారీదారులను మేము అడిగేది ఒకటే. ఎచ్చా, ఫిల్లరా, ఎపాక్సీనా, వన్‌కేనా (గట్టిపరిచే మందు కలపనిది), టూకేనా అన్నది డబ్బా ముందువైపే పెద్ద అక్షరాల్లో ఉండాలి. చేతికి అంటని సమయంతో పాటు పేపర్ పట్టగల సమయం కూడా వేరుగా రాయాలి. టూకే క్యాన్లను మామూలు క్యాన్ల అరలోనే కలిపి పెట్టి అమ్మడం దుకాణాలవాళ్లు మానేయాలి.

— వాహనాల పెయింటింగ్ పనివారు