బస్సులో వింటే ‘క్రాక్-అప్’ వినపడదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చాలా ఏళ్లు ఆగి మళ్లీ పాడిన బ్యాండ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో అమెరికా జానపద-రాక్ బ్యాండ్ ఫ్లీట్ ఫాక్సెస్ వాళ్ల మూడో ఆల్బమ్ ‘క్రాక్-అప్’కి రెండే రెండు వాక్యాలు ఇచ్చి, మొదటి ఆల్బమ్‌లోని హాయి ఇందులో లేదని, అంతా గజిబిజి అని తేల్చేశారు. నాకు చాలా బాధనిపించింది, అందుకే ఈ ఉత్తరం.

2017లో అది వచ్చినప్పుడు అక్కడి సమీక్షకులు ఎక్కువమంది మెచ్చుకున్నారు, అయినా బరువుగా ఉందనే మాట అప్పుడూ వినిపించింది. ఎందుకంటే అందరి చెవుల్లోనూ 2008 నాటి మొదటి ఆల్బమ్ ఉంది. నలుగురైదుగురు గొంతులు కలిపి పాడుతుంటే గుడిలో భజన విన్నట్టుండే ఆ పాటలంటే నాకూ ప్రాణమే. 2011లో రెండోది వచ్చింది, ఆ తర్వాత ఆరేళ్లు ఏమీ లేదు. పాటలు రాసి పాడే రాబిన్ పెక్నోల్డ్ మధ్యలో కొలంబియా యూనివర్సిటీలో చేరి చదువుకున్నాడు. అన్నేళ్ల తర్వాత వచ్చిన మనిషి పాత పాటే పాడాలని పట్టుబడితే ఎలాగండీ?

నేనూ మొదట అదే తప్పు చేశాను. గాజువాక నుంచి మద్దిలపాలెం వస్తూ సిటీ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట మొదలుపెట్టాను. ఏదో గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు, సౌండ్ పెంచాను, అంతే, ఒక్కసారిగా గిటార్లన్నీ మీద పడ్డట్టయింది, ఇయర్‌ఫోన్స్ పీకేశాను. రికార్డింగే బాగాలేదనుకుని నెల రోజులు దాని జోలికి పోలేదు. తర్వాత ఒకరోజు తెల్లారకముందే జోడుగుళ్లపాలెం బీచ్‌లో కూర్చుని అదే పాట విన్నాను. అప్పుడు తెలిసింది, ఆ గొణుగుడు ఒంటరి మనిషి తనతో తాను మాట్లాడుకోవడం, ఆ తర్వాత వచ్చే హోరు లోపల అణచిపెట్టుకున్నదంతా బయటికి రావడం. ఒకే పాటలో మూడు ముక్కలు కుట్టారు, పేరులోనే మూడూ ఉన్నాయి.

ఇంకో పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. పేరులో మే 3 అనే తేదీ ఉంది. అది బ్యాండ్‌లో గిటార్ వాయించే చిన్ననాటి స్నేహితుడు స్కైలర్ షెల్సెట్ పుట్టినరోజు, రెండో ఆల్బమ్ విడుదలైన రోజు కూడా. ఆ స్నేహం గురించే పాట. ఈ ఒక్క ముక్క మీ వ్యాసంలో ఉండి ఉంటే చదివినవాళ్లు ఆ తొమ్మిది నిమిషాలూ ఓపిగ్గా వినేవారు.

అసలు పాట మధ్యలో దారి మారడం మనకేమన్నా కొత్తా? మా అమ్మమ్మగారి ఊరు శృంగవరపుకోట దగ్గర. అక్కడ చిన్నప్పుడు జముకు అనే వాయిద్యం మోగిస్తూ పాడి చెప్పే జముకుల కథ విన్నాను. కథ చెప్పేవాడు గొంతు తగ్గించి పక్కవాడితో మాట్లాడుతున్నట్టు చెప్పేవాడు, వంతపాట అందుకోగానే జముకు మోగి ఊరంతా వినపడేది, మధ్యలో కథ వదిలి ఇంకెక్కడికో పోయి మళ్లీ అక్కడికే వచ్చేవాడు. ముసలివాళ్లు, పిల్లలు, అందరూ అర్ధరాత్రి దాకా కూర్చునేవారు.

2020లో వచ్చిన వాళ్ల తర్వాతి ఆల్బమ్ ‘షోర్’ తేలిగ్గా, వెలుతురుగా ఉంటుంది, నాకూ ఇష్టమే. దాన్ని చూపించి దీన్ని తక్కువ చేయక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర జానపదాలకి గిటార్ కలిపి పాడే కుర్రాళ్లకీ ఇదే జరుగుతోంది, రెండోసారి కాస్త కొత్తగా ప్రయత్నిస్తే చాలు, పాతదే బాగుందని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. వాళ్లకి ఎంత నిరుత్సాహంగా ఉంటుందో!

దయచేసి ఆ వ్యాసం రాసినవారితో ‘క్రాక్-అప్’ని నిశ్శబ్దంగా ఉన్నచోట కనీసం మూడుసార్లు వినిపించి, ఈసారి అరపేజీ రాయించండి. కవర్ మీది ఫోటో కూడా వేయండి. అలలు కోసిన జపాన్ సముద్రతీరపు కొండరాళ్లవి, హిరోషి హమయా తీశారు. యారాడ రాళ్లు చూస్తూ పెరిగిన మావాళ్లు ఆ బొమ్మ చూసైనా పాట పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం