మీరు మూసేసిన టికెట్టును నేను మూయలేదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతికి
(పేరు రాయలేదని ఏమీ అనుకోకండి. నాలుగుసార్లు అడిగినా మీ వాళ్లు చెప్పలేదు.)

విషయం: ఇది ఎనిమిదో ఉత్తరం. మొదటి ఏడింటి విషయమే దీని విషయమూ.

అయ్యా / అమ్మా,

నేను ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. కంప్యూటర్ పాఠం అంటే పట్టికలు నింపించడం కాదు. బొమ్మలకు కదలిక ఇవ్వడం, చిన్న చిన్న ఆటలు తయారుచేయడం, సొంత గొంతుతో కథ రికార్డు చేసి దానికి చిత్రాలు కూర్చడం. నాలుగేళ్లుగా ఈ పనంతా మీ సాఫ్ట్‌వేర్‌లోనే చేయిస్తున్నాను. మూడు వారాల క్రితం మీరేదో అప్‌డేట్ చేశారు. మర్నాటి నుంచి ఏడో తరగతిలో 34 మంది చేసిన ప్రాజెక్టుల్లో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ‘ఈ ఫైలు మరో ఖాతాకు చెందినది’ అని వస్తోంది.

సమస్య ఇంతే. దీని మీద నాకు కోపం లేదు, నమ్మండి. ప్రోగ్రామ్ అన్నాక తప్పులు దొర్లుతాయి. సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన నాటి నుంచి ఈ పాఠాలు చెప్పేవాళ్లందరికీ అది తెలిసిన సంగతే. ఆ భాషలో పిల్లవాడు చెప్పినట్టు తెర మీద కదిలే తాబేలు పక్కదారి పడితే వాడికి సున్నా వేయం. ‘ఎక్కడ తిరగమన్నావో ఒకసారి చదువు’ అంటాం. మా తరగతిలో మొదటి నియమం అదే: తెర మీద ఏం రాసి ఉందో పూర్తిగా చదవాలి. రెండోది, సాయం అడిగేటప్పుడు మూడు మాటలు చెప్పాలి. నువ్వేం చేశావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది. మీకు రాసిన మొదటి ఉత్తరం అచ్చంగా ఆ పద్ధతిలోనే రాశాను. పన్నెండేళ్ల పిల్లలకు అర్థమయ్యే ఉత్తరం మీ సంస్థలో ఎవరికీ ఎందుకు అర్థం కాలేదో వినండి.

ముందుగా మీ చాట్‌బాట్. ‘మీ సమస్య నాకు అర్థమైంది’ అంటూ పాస్‌వర్డ్ మార్చుకునే విధానం పంపింది. నా సమస్య పాస్‌వర్డ్ కాదన్నాను. క్షమాపణ చెప్పి, మళ్లీ అదే పంపింది. మనిషితో మాట్లాడాలి అని రాశాను. దానికీ క్షమాపణ చెప్పి, మూడోసారి అదే పంపింది. పోనీ, అది యంత్రం.

తర్వాత దొరికిన మనిషి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాం. బ్రౌజర్ మార్చమన్నారు. మార్చాం. అప్‌డేట్ తర్వాత ఇలా అయింది కదా, అది చూడండి అన్నాను. ‘ఒకసారి ఆపి మళ్లీ వేయండి మేడమ్’ అన్నారు. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చిన కుర్రవాడు ఏ ప్రశ్న అడిగినా చివరికి దాన్ని ఆవు దగ్గరికే తెచ్చి కట్టేసినట్టు, నేనేం చెప్పినా ఆయన ఆ మీటకే తెచ్చి కట్టేశారు.

రెండో ఆవిడ ఎంతో మర్యాదగా, ‘మీ బాబు ఏ తరగతి మేడమ్?’ అని అడిగారు. నేను టీచర్‌ని, 34 మంది పిల్లల ఫైళ్లు పోయాయి అన్నాను. కాస్త ఆగి, ‘అందరూ మీ పిల్లలేనా?’ అన్నారు. ఆ రోజు నవ్వే ఓపిక కూడా లేకపోయింది. మూడో వ్యక్తి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపాను. గంటలో జవాబు వచ్చింది: ‘దయచేసి స్క్రీన్‌షాట్ పంపగలరు.’ ఆ జవాబు కిందే నేను పంపిన స్క్రీన్‌షాట్ ఉంది.

అన్నిటికంటే ఘనకార్యం నాలుగోది. తెర మీది సందేశంలో ‘ఖాతా’ అన్న మాట ఉంది కదా! దాన్ని చూసి నా ఫిర్యాదును బిల్లులు వసూలు చేసే విభాగానికి పంపేశారు. వాళ్లు శ్రద్ధగా లెక్కలన్నీ చూసి, ‘మీ ఖాతాలో బకాయిలేమీ లేవు, అంతా సక్రమంగా ఉంది’ అని రాశారు. ఆ ఒక్క వాక్యంతో నా టికెట్టు, అంటే మీ దగ్గర నమోదైన నా ఫిర్యాదు, మూతపడింది. పరిష్కారమైందట! వెనకే, మా సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారని మరో సందేశం.

మళ్లీ టికెట్టు తెరిపించాను. ఈసారి ఫోను చేస్తామన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, ఉదయమంతా తరగతిలో ఉంటాను అని రాశాను. ఉదయం పదిన్నరకు, పాఠం మధ్యలో, రెండు రింగులు మోగి ఆగిపోయింది. సాయంత్రానికి ‘మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాం, స్పందన లేదు’ అంటూ టికెట్టు మళ్లీ మూసేశారు. స్పందన లేనిది నాకట!

పోయినవేమిటో మీకు తెలియాలి కాబట్టి ఒక్కదాని గురించి చెబుతాను. మా తరగతిలో ఒకమ్మాయి కాగితంతో చీమను కత్తిరించి, అది ఆకును మోసుకుపోయే సినిమా తీసింది. సెకనుకు 12 ఫోటోల చొప్పున 30 సెకన్ల సినిమా. ఒక్కో ఫోటోకు చీమను గోరంత జరపాలి, చెయ్యి తీసేయాలి, నీడ పడలేదని చూసుకోవాలి, మీట నొక్కాలి. 212వ ఫోటో దగ్గర చీమ కాలొకటి ఊడిపోయింది. అతికించుకుంటావా అని అడిగితే, ‘వద్దు టీచర్, ఇక్కడి నుంచి కుంటుతూ నడుస్తుంది’ అంది. ఐదు కాళ్లతో కుంటుతూనే ఆకును ఇంటికి చేర్చింది. ఫోటోలన్నీ మీ సాఫ్ట్‌వేర్ కెమెరాతోనే తీసింది కాబట్టి విడిగా నకలు లేదు. నకళ్లు దాయించకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. మిమ్మల్ని నమ్మడం కూడా అందులో భాగమే. ఇప్పుడు ఆ కాగితపు చీమ నా సొరుగులో ఉంది. రోజూ ఆ అమ్మాయి వచ్చి ‘వాళ్లు చదివారా టీచర్?’ అంటుంది. బాగుచేశారా అని అడగదు, చదివారా అని అడుగుతుంది. నేను నేర్పిన పాఠమే మరి.

నాలుగేళ్ల కిందట మీ సాఫ్ట్‌వేర్ కొందామని బడిలో పట్టుబట్టింది నేనే. తోటి ఉపాధ్యాయులు వద్దన్నారు. పిల్లలు బొమ్మలు, ఆటలు చేసుకోవడానికి అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్ వాళ్లు తయారుచేసిన స్క్రాచ్ 2007 నుంచే ఉచితంగా ఉంది, నెట్ లేకుండా కూడా నడుస్తుంది, ఫైళ్లు మన కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు, మరి డబ్బెందుకు అన్నారు. ఏదైనా తేడా వస్తే పలికే మనిషి ఉంటారు కదా అన్నాను నేను. అంటే మేము డబ్బు కట్టింది మీ బొమ్మలకు కాదు, మీ జవాబుకు. శిక్షణ తరగతుల్లో ఇతర బడుల వాళ్ల ముందు కూడా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను. ఇప్పుడు వాళ్లు కనబడితే తలెత్తలేకపోతున్నాను.

చందా గడువు వచ్చే నెలతో ముగుస్తుంది. ఆ విషయం గుర్తుచేస్తూ ఈ మూడు వారాల్లో నాకు ఐదు సందేశాలు వచ్చాయి, ఒక్కటీ దారి తప్పలేదు. పాత ప్రతిని తెరిచి ఫైళ్లు తిరిగి ఇస్తారో, డిస్క్‌లో వేసి పంపుతారో నాకు అనవసరం, పిల్లలవి పిల్లలకు చేరాలి. చేరకపోతే సంతకం ఉండదు. వినియోగదారుల న్యాయస్థానం మెట్లెక్కడానికి కూడా నాకు మోమాటం లేదు. అంతకంటే ముందు, ఎనిమిదో తరగతికి ఈ నెల ప్రాజెక్టుగా మీ చాట్‌బాట్ సంభాషణను ఇస్తాను. వాళ్లకు గొంతు మార్చి మాట్లాడించడం బాగా వచ్చు. స్క్రాచ్‌లోనే చేస్తారు.

దీనికి జవాబిచ్చేవారు, ఆ చీమ సినిమాలో మొత్తం ఎన్ని ఫోటోలు ఉన్నాయో మొదటి వాక్యంలో రాయండి. లెక్క కట్టడానికి కావలసినవి పైన ఉన్నాయి. ఆ అంకె లేని జవాబు వస్తే నేను తెరవను.

ఇట్లు,
ఏడో తరగతి కంప్యూటర్ టీచర్
(మీ రికార్డుల్లో: ‘ఒక బాబు తల్లి’)